సెకండ్ లైఫ్‌లో ఇద్దరి పేకాటకు పెద్దమనిషి బాట్: ముక్కలు పంచడం నుంచి తగువు తీర్చడం దాకా

"ముక్కలు పంచే స్క్రిప్టు అయిపోయింది సామీ, ఇద్దరు కూర్చుని ఆడటం మొదలుపెట్టగానే అంతా గందరగోళం." తిరుపతి ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు, చిత్తూరు నుంచి ఇంకొందరు, తిప్పి తిప్పి ఇదే అడుగుతున్నారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు మొత్తం వరసగా ఇక్కడ రాసేస్తున్నా.

ముక్కలు కలిపి పంచడం ఒక పూట పని, అది ఎవరైనా రాస్తారు. మిగతా పనంతా మనుషులతోనే. ఒకడు గెలవడం లేదని మధ్యలో లేచిపోతాడు, ఇంకొకడు పోయిన రౌండు బటన్ ఇప్పుడు నొక్కుతాడు, సంబంధం లేని మూడోవాడు వచ్చి బల్లని తడతాడు, నాలుగోవాడికి సరిగ్గా అప్పుడే కరెంటు పోతుంది. వీటన్నిటికీ ముందే జవాబు రాసిపెట్టుకున్న స్క్రిప్టే బాట్. ఆ జవాబులు లేనిది పేకకట్టతో సమానం.

ఈ గైడు, అవతార్ అనే బొమ్మ వేషంలో జనం తిరిగే ఆన్‌లైన్ 3డీ ప్రపంచం అయిన సెకండ్ లైఫ్‌కీ, అదే పద్ధతిలో నడిచే ఓపెన్‌సిమ్యులేటర్‌కీ. భాష ఎల్ఎస్ఎల్, అంటే లిండెన్ స్క్రిప్టింగ్ లాంగ్వేజ్. వేరియబుల్, లిస్టు, ఈవెంట్ అంటే తెలిసుంటే చాలు. ఫంక్షన్ల పేర్లు చదవడానికి తెలుగు అక్షరాల్లో రాశా, ఎడిటర్‌లో మాత్రం ఇంగ్లీషులోనే కొట్టాలి.

1. బాట్ అంటే బల్లా, మనిషా?

రెండు దారులున్నాయి. ఒకటి, ప్రపంచంలో ఒక బల్ల పెట్టి దాని లోపల స్క్రిప్టు వేయడం. రెండు, ఒక అవతార్‌నే బయటి ప్రోగ్రాంతో లాగిన్ చేయించి, అది డీలర్‌లాగా నిలబడి మాట్లాడేటట్టు చేయడం. రెండోది చూడటానికి భలే ఉంటుంది. కానీ ఆ ప్రోగ్రాం నడిచే కంప్యూటర్ ఇరవై నాలుగు గంటలూ ఆన్‌లో ఉండాలి, ఎండాకాలం మన వైపు కరెంటు సంగతి మీకు తెలుసు. పైగా సెకండ్ లైఫ్‌లో అట్లాంటి అకౌంటుని స్క్రిప్టెడ్ ఏజెంట్ అని గుర్తించి పెట్టాల్సిందే, అది అక్కడి నియమం.

బల్లలోని స్క్రిప్టు వాళ్ళ సర్వర్ మీదే నడుస్తుంది. మీ ఇంట్లో కరెంటు పోయినా అక్కడ ఆట ఆగదు. ఇద్దరి ఆటకి బల్లే సరి, ఇక్కడ చెప్పేదంతా దాని గురించే.

2. ఎడిటర్ తెరవక ముందు నియమాలు కాగితం మీద పెట్టండి

రమ్మీతో మొదలుపెట్టొద్దు. సీక్వెన్సులు, సెట్లు, జోకర్లు చెక్ చేసే లెక్కతోనే తల తిరిగిపోతుంది, బాట్ పని నేర్చుకునేలోపే విసుగొస్తుంది. చిన్న ఆట తీసుకోండి. నేను ఉదాహరణగా వాడుతున్నది ఇది:

- ఒక పేక, 52 ముక్కలు, జోకర్లు లేవు.
- ఇద్దరికీ చెరి ఏడు ముక్కలు.
- ప్రతి రౌండులో ఇద్దరూ ఒక్కో ముక్కని రహస్యంగా ఎంచుకుంటారు, తర్వాత రెండూ ఒకేసారి తెరుచుకుంటాయి.
- పెద్ద ముక్కది రౌండు. 2 అన్నిటికంటే చిన్నది, ఆసు పెద్దది.
- రెండూ ఒకే అంకె అయితే ఇస్పేటు, ఆఠీను, డైమన్, కళావరు అనే వరసలో ముందున్నది గెలుస్తుంది.
- ఏడు రౌండ్లలో ఎక్కువ గెలిచినవాడిది ఆట.

రౌండ్లు బేసి సంఖ్యలో ఉండటం, సమానం వస్తే రంగు చూసి తేల్చడం, రెండూ కావాలని పెట్టినవే. సమానం అనే మాటే లేకపోతే స్క్రిప్టులో సగం తలనొప్పులు పోతాయి.

వేగం మీద గెలుపు ఆధారపడే నియమం ఒక్కటి కూడా పెట్టకండి. మీరు తిరుపతిలో, అవతలివాడు కాలిఫోర్నియాలో ఉన్నాడనుకోండి, సర్వర్ అమెరికాలోనే ఉంది కాబట్టి మీ నొక్కుడు వాడిదానికంటే ఎప్పుడూ ఆలస్యంగానే చేరుతుంది. "ముందు నొక్కినవాడిది" అనే ఆట మనవాళ్ళకి మొదటి నుంచీ ఓడిపోయే ఆటే.

ఇక డబ్బు. పందెం జోలికి అసలు పోవద్దు. సెకండ్ లైఫ్ 2007లోనే పందేలని నిషేధించింది, నైపుణ్యం ఆటలకి 2014 నుంచి వేరే విధానం, వేరే అనుమతులు. సెకండ్ లైఫ్ డబ్బు అయిన లిండెన్ డాలర్లు అసలు డబ్బులోకి మారతాయి కాబట్టి "ఉత్త పాయింట్లే కదా" అంటే చెల్లదు. ఇక్కడ చూస్తే ఆంధ్రప్రదేశ్ 2020లోనే గేమింగ్ చట్టం సవరించి ఆన్‌లైన్ పందేలని అందులోకి తెచ్చింది, 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలని దేశమంతా నిషేధించింది. అందుకే మీ స్క్రిప్టు యజమాని ఖాతా నుంచి డబ్బు తీసే అనుమతి, అంటే పర్మిషన్ డెబిట్, ఎక్కడా అడగకూడదు. ఆ అనుమతి అడిగే పేకాట బల్ల కనిపిస్తే తెలిసినవాళ్ళు దగ్గరికి కూడా రారు.

3. సాధన చేసే చోటు

ఖర్చు లేకుండా నేర్చుకోవాలంటే ఓపెన్‌సిమ్యులేటర్‌ని సొంత ల్యాప్‌టాప్‌లో స్టాండలోన్ పద్ధతిలో, అంటే వేరే సర్వర్ లేకుండా, నడపండి. మామూలుగా 9000 పోర్టు మీద ఉంటుంది. అందులోకి వెళ్ళి చూడటానికి వ్యూయర్ అనే ప్రోగ్రాం కావాలి. ఫైర్‌స్టార్మ్ వ్యూయర్‌ని ఓపెన్‌సిమ్ వెర్షనే దించుకోండి, సెకండ్ లైఫ్‌కి మాత్రమే చేసింది పనికిరాదు.

మొదలుపెట్టే ముందు ఇవి సిద్ధంగా ఉండాలి:

- రెండు అకౌంట్లు, రెండు వ్యూయర్ కిటికీలు పక్కపక్కన
- మూడో అకౌంటు, చూసేవాడి వేషానికి (దీన్ని అందరూ వదిలేస్తారు, సగం తప్పులు దీనితోనే దొరుకుతాయి)
- ఒక బల్ల, రెండు కుర్చీలు, మూడూ అతికించి ఒకే వస్తువులా, అంటే ఒకే లింక్‌సెట్‌గా
- స్క్రిప్టు ఎడిటర్‌లో మోనో టిక్కు, సెకండ్ లైఫ్‌లో అయితే

ఆ మోనో టిక్కు లేకపోతే స్క్రిప్టుకి దొరికే మెమరీ 16 కేబీ, ఉంటే 64 కేబీ. లిస్టులతో పని కాబట్టి 16లో ఇరుక్కోవద్దు.

4. దశలు: ఎప్పుడు ఎవరు ఏం నొక్కొచ్చు

ఆట మొత్తాన్ని దశలుగా విడగొట్టండి: ఖాళీ, జోడీ కోసం, పంచడం, ఎంపిక, తెరవడం, ముగింపు. ఒక్కో దశ పక్కన "ఇప్పుడు ఎవరి మాట వినాలి, ఎవరిది వినకూడదు" అని రాసుకోండి. ఎంపిక దశలో ఇద్దరు ఆటగాళ్ళ మాటే వినాలి. తెరిచే దశలో ఎవరిదీ వినకూడదు. ఈ పట్టిక రాయకుండా కోడులోకి దిగితే తర్వాత ఇఫ్ మీద ఇఫ్ పేర్చుకుంటూ పోవాల్సిందే.

ఎల్ఎస్ఎల్‌లో స్టేట్ అనే సదుపాయం ఉంది కదా, ఒక్కో దశకి ఒక్కో స్టేట్ పెడదాం అనిపిస్తుంది. పెట్టొద్దంటాను. స్టేట్ మారిన ప్రతిసారీ మీరు తెరిచిన లిజన్లన్నీ (స్క్రిప్టు చాట్ వినే చెవులు) మూసుకుపోతాయి, వరసలో ఎదురుచూస్తున్న ఈవెంట్లు కూడా పోతాయి. టైమర్ మాత్రం పోదు, కొత్త స్టేట్‌లోనూ అట్లాగే కొట్టుకుంటుంది. ఒకటి పోయి ఒకటి మిగలడం వల్ల వచ్చే తప్పులు పట్టుకోవడం మహా కష్టం. ఒకే స్టేట్, లోపల "దశ" అనే ఒక పూర్ణాంకం. అంతే.

5. ముక్కలకి నంబర్లు, కలపడం, పంచడం

ముక్కని పేరుతో కాదు, 0 నుంచి 51 దాకా నంబరుతో దాచండి. 13తో భాగిస్తే వచ్చే భాగఫలం రంగు: 0 కళావరు, 1 డైమన్, 2 ఆఠీను, 3 ఇస్పేటు. శేషం అంకె: 0 అంటే 2, 12 అంటే ఆసు. ఉదాహరణకి 25 తీసుకోండి: భాగఫలం 1, శేషం 12, అంటే డైమన్ ఆసు.

గెలుపు లెక్క ఒక్క లైను: శేషాన్ని 4తో గుణించి భాగఫలం కలపండి. డైమన్ ఆసుకి 49, ఆఠీను ఆసుకి 50, ఇస్పేటు ఆసుకి 51. ఏ రెండు ముక్కలకీ ఒకే విలువ రాదు, పెద్దది ఎవరిదైతే రౌండు వాళ్ళది.

కలపడం దగ్గర మాత్రం ఓపిక పట్టండి. చాలామంది రాసేది ఇట్లా ఉంటుంది: ప్రతి స్థానానికీ 52లోంచి ఏదో ఒక స్థానం ఎంచుకుని తారుమారు చేయడం. చూడటానికి బాగానే ఉంటుంది, నిజానికి పక్షపాతం ఉంటుంది. మూడు ముక్కలతో చూస్తే వెంటనే తెలుస్తుంది: మూడు సార్లు మూడింటిలోంచి ఎంచుకుంటే 27 దారులు, కానీ మూడు ముక్కల వరసలు ఆరే. 27ని ఆరుకి సమానంగా పంచలేం కదా, కొన్ని వరసలు ఎక్కువసార్లు వస్తాయి.

సరైన పద్ధతి:

1. చివరి స్థానం, అంటే 51 నుంచి మొదలుపెట్టి 1 దాకా కిందికి రండి.
2. ప్రతి స్థానం దగ్గర 0 నుంచి ఆ స్థానం దాకా మాత్రమే, దాన్ని కూడా కలుపుకుని, ఒక సంఖ్య ఎంచుకోండి. ఎల్ఎల్‌ఫ్రాండ్‌కి స్థానం కంటే ఒకటి ఎక్కువ ఇచ్చి, వచ్చినదాన్ని పూర్ణాంకంగా మార్చండి.
3. ఆ రెండు చోట్ల ముక్కలని ఎల్ఎల్‌లిస్ట్‌రీప్లేస్‌లిస్ట్‌తో తారుమారు చేయండి.

దీన్నే ఫిషర్–యేట్స్ పద్ధతి అంటారు. పంచేటప్పుడు పైనుంచి ఒకటి వాడికి, ఒకటి వీడికి. మొదటి ఏడు ఒకరికే ఇచ్చినా గణితం ప్రకారం తేడా లేదు, కానీ ఆడేవాళ్ళు ఒప్పుకోరు. ఒక్కొక్కటిగానే పంచండి.

6. కూర్చోబెట్టడం

బల్లని తాకితే ఆటలోకి వచ్చినట్టు అని పెట్టకండి. కుర్చీలో కూర్చుంటేనే ఆటగాడు. కూర్చున్నా లేచినా స్క్రిప్టుకి ఛేంజ్‌డ్ ఈవెంట్‌లో లింక్ మారిందని కబురొస్తుంది, ఎల్ఎల్‌అవతార్‌ఆన్‌లింక్‌సిట్‌టార్గెట్‌తో ఏ కుర్చీలో ఎవరున్నారో తెలుస్తుంది. నెట్ పోయి బయటపడినా అదే ఈవెంట్ వస్తుంది. పారిపోయినవాణ్ణి పట్టుకోవడానికి ఇంతకంటే తేలిక మార్గం లేదు.

కుర్చీలో మనిషి కూర్చునే చోటు చెప్పే సిట్ టార్గెట్ స్థానం పూర్తిగా సున్నా ఇస్తే టార్గెట్ పెట్టినట్టు కాదు, తీసేసినట్టు. కొంచెం పైకి, 0.1 అయినా ఇవ్వండి.

ఆటగాణ్ణి పేరుతో గుర్తుపెట్టుకోవద్దు. డిస్‌ప్లే పేరు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ప్రతి అకౌంటుకీ మారకుండా ఉండే గుర్తు యూయూఐడీ, దాన్నే దాచుకోండి, పేరు తెర మీద చూపించడానికి మాత్రమే.

7. డైలాగ్ బటన్లు: తెలుగులో ఆట పెట్టేవాళ్ళు ఇక్కడే ఇరుక్కుంటారు

ఎల్ఎల్‌డైలాగ్‌లో 12 బటన్ల దాకా పెట్టొచ్చు, అది ఆటగాడి తెర మీద తెరుచుకునే చిన్న కిటికీ. ఏడు ముక్కలు, ఆట వదిలేసేవాడికి ఒక బటన్, సరిపోతుంది. చిక్కంతా బటన్ మీద రాసే మాట కొలతతో. హద్దు 24 అక్షరాలు కాదు, 24 బైట్లు.

తెలుగులో ప్రతి అక్షరం, ప్రతి గుణింతం గుర్తు, ప్రతి పొల్లు విడిగా మూడేసి బైట్లు తింటాయి. "ఇస్పేటు ఆసు" లెక్కపెట్టండి: ఇ, స, పొల్లు, ప, ఏత్వం, ట, కొమ్ము, ఏడు. ఆ, స, కొమ్ము, మూడు. పది మూళ్ళు ముప్పై, మధ్య ఖాళీకి ఒకటి, మొత్తం 31. ఎర్రర్. "వదిలేస్తా" కూడా తొమ్మిది మూళ్ళు 27, పోతుంది. "చాలు" అయితే 12, హాయిగా పడుతుంది.

ముక్కలకి రంగు గుర్తులు వాడండి: "♠ఆసు" 12 బైట్లు, "♣రాజు", "♦రాణి", "♠జాకీ" పదిహేనేసి, "♥10" అయిదే. చదవడానికీ ఇదే నయం. డైలాగ్ పైన రాసే సందేశానికి హద్దు 512 బైట్లు, అంటే తెలుగులో గుర్తులన్నీ కలిపి 170 దాటకూడదు. అక్కడ కథలు రాయకుండా "రౌండు 3. మీరు 1, అవతల 1." అంటే చాలు. ఇంకో సంగతి, మీరు వాడే వ్యూయర్ ఒత్తులని సరిగా చూపిస్తుందో లేదో ముందే చూసుకోండి. విరిగిపోతుంటే ఒత్తులు లేని మాటలు ఎంచుకోవడం తేలిక.

బటన్లు కింది వరస నుంచి పైకి పేరుకుంటాయి, లిస్టులో మొదటి మూడూ అన్నిటికంటే కింద కనిపిస్తాయి. "చాలు" లిస్టులో ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి, రాజు పక్కన పెడితే ఎవడో ఒకడు పొరపాటున నొక్కి మీ మీద పడతాడు.

ఇక వినడం. నొక్కిన బటన్ మాట, ఛానెల్ అనే నంబరున్న చాట్ దారిలో స్క్రిప్టుకి వస్తుంది. ప్రతి ఆటకీ ఒక రుణ సంఖ్యని ఛానెల్‌గా ఎంచుకోండి, ప్రతి రౌండుకీ దాన్నుంచి ఒకటి తగ్గించండి. ఇద్దరికీ వాళ్ళ యూయూఐడీతో విడివిడిగా రెండు లిజన్లు తెరవండి, రౌండు అవ్వగానే రెండూ ఎల్ఎల్‌లిజన్‌రిమూవ్‌తో మూసేయండి. పోయిన రౌండు డైలాగ్ మీద ఆలస్యంగా నొక్కినా ఆ ఛానెల్ వినేవాళ్ళే ఉండరు, సమస్య పుట్టకముందే పోతుంది. మూయడం మర్చిపోతే ఒక స్క్రిప్టుకి 65 లిజన్ల హద్దు ఉంది, కొన్ని ఆటల తర్వాత బల్ల మూగబోతుంది.

లిజన్ ఈవెంట్‌లో ఏ పనైనా చేసే ముందు ఈ నాలుగూ ఇదే వరసలో అడగండి:

- ఇప్పుడు ఎంపిక దశేనా?
- పంపినవాడు ఇద్దరిలో ఒకడేనా?
- ఈ రౌండులో ఇదివరకే ఎంచుకున్నాడా?
- ఆ ముక్క నిజంగా వాడి చేతిలో ఉందా?

నాలుగో ప్రశ్న వదిలేయకండి. మీరు చూపించిన బటన్లే వస్తాయని నమ్మితే, లేని ఇస్పేటు ఆసుని పంపేవాడు తప్పకుండా తగులుతాడు.

డైలాగ్‌లో ఇగ్నోర్ నొక్కితే స్క్రిప్టుకి ఏ కబురూ రాదు. వాడు ఆలోచిస్తున్నాడో, మూసేశాడో బాట్‌కి తెలిసే దారి లేదు. అందుకే ఆటగాడు బల్లని తాకితే అతని డైలాగ్ మళ్ళీ పంపేటట్టు పెట్టండి, ఆట మొదట్లోనే ఆ మాట చెప్పండి. డైలాగ్ జవాబు ఆటగాడి అవతార్ దగ్గర్నుంచి 20 మీటర్ల లోపలే వినిపిస్తుంది, కుర్చీ పద్ధతిలో ఉంటే ఆ బెంగ లేదు.

ఎల్ఎల్‌డైలాగ్ పిలిచిన ప్రతిసారీ స్క్రిప్టు ఒక సెకను ఆగుతుంది, కాబట్టి రెండోవాడికి డైలాగ్ సెకను ఆలస్యంగా వెళ్తుంది. మన ఆటలో దానివల్ల నష్టం లేదు. ఎల్ఎల్‌ఇన్‌స్టంట్‌మెసేజ్ అయితే రెండు సెకన్లు ఆపేస్తుంది, దాన్ని ఆట మధ్యలో వాడొద్దు. ఒక్కరికే చెప్పాల్సిన మాటకి ఎల్ఎల్‌రీజియన్‌సే‌టు ఉంది, ఆపదు.

8. బల్ల కిందికి తొంగిచూసేవాళ్ళు

సెకండ్ లైఫ్‌లో కెమెరా మనిషితోపాటే ఉండదు. కూర్చున్నచోటు నుంచే బల్ల కిందికి, ముక్క వెనక్కి, ఎదుటివాడి భుజం మీదికి తిప్పొచ్చు. కాబట్టి ముక్కని బోర్లా పెట్టి దాచామనుకుంటే దాచినట్టు కాదు. తెరిచే క్షణం దాకా ఆ ప్రిమ్ (వస్తువులు కట్టే దిమ్మ) మీద ముక్క బొమ్మ ఏ వైపూ ఉండకూడదు, అన్ని వైపులా వెనక డిజైనే. అసలు నంబరు స్క్రిప్టు లోపలే ఉండాలి.

బొమ్మలు 52 విడివిడి టెక్స్చర్లుగా పెడితే ముక్క తెరిచాక కాసేపు బూడిదరంగు పలకే కనిపిస్తుంది. అన్నీ ఒకే టెక్స్చర్‌లో పది నిలువు వరసలు, ఆరు అడ్డ వరసలుగా పేర్చండి. అరవై గళ్ళలో 52 ముక్కలూ, ఒక వెనక డిజైనూ పడతాయి. రిపీట్, అంటే ఎంత భాగం కనిపించాలో, అడ్డంగా 0.1, నిలువుగా 0.16667. మొదటి గడికి ఆఫ్‌సెట్ అడ్డంగా -0.45, నిలువుగా 0.41667. కుడికి జరిగినప్పుడల్లా 0.1 కలపండి, కిందికి దిగినప్పుడల్లా 0.16667 తీసేయండి. మార్చడానికి ఎల్ఎల్‌సెట్‌లింక్‌ప్రిమిటివ్‌పారామ్స్‌ఫాస్ట్, ఇది స్క్రిప్టుని ఆపదు.

9. గడియారం, పారిపోయినవాడు

ఒక స్క్రిప్టుకి ఒకే టైమర్. "ఎంపికకి ఒకటి, కనెక్షన్‌కి ఒకటి" అని రెండు పెడదామంటే కుదరదు, రెండోది మొదటిదాన్ని తుడిచేస్తుంది. టైమర్‌ని ఆట నడుస్తున్నంతసేపు అయిదు సెకన్లకోసారి కొట్టనివ్వండి. గడువులని ఎల్ఎల్‌గెట్‌యూనిక్స్‌టైమ్ లెక్కలో వేరే వేరియబుళ్ళలో దాచి, ప్రతి కొట్టుడుకీ పోల్చి చూడండి.

నేను పెట్టే గడువులు, మీ ఇష్టం వచ్చినట్టు మార్చుకోండి:

- ముక్క ఎంచుకోవడానికి 60 సెకన్లు. 40 దగ్గర ఆలస్యం చేస్తున్నవాడికి మాత్రమే ఒక గుర్తుచేత.
- గడువు దాటితే వాడి చేతిలో అన్నిటికంటే చిన్న ముక్క బాటే వేస్తుంది. వరసగా రెండు రౌండ్లు అట్లా అయితే ఆట ఓడినట్టు.
- కుర్చీ లేచినా, నెట్ పోయినా రెండు నిమిషాలు ఆగుతుంది. అదే యూయూఐడీ వచ్చి కూర్చుంటే ఆట ఆగినచోటు నుంచే.

ఆ రెండు నిమిషాల మీద వాదన ఉంది. పారిపోయేవాడికి అవకాశం ఎందుకు, లేచిన మరుక్షణం ఓడగొట్టాలి అంటారు కొందరు. మొబైల్ హాట్‌స్పాట్ మీద ఆడేవాళ్ళే మనలో ఎక్కువ కాబట్టి నేను ఆపే పక్షం. కాకపోతే ఆపడం ఆటకి ఒక్కసారే, రెండోసారి లేస్తే అయిపోయినట్టే.

ఆగి ఉన్నప్పుడు ఎంపిక గడువుని కూడా ఆపండి. దీన్ని మర్చిపోతే తిరిగొచ్చినవాడికి చిన్న ముక్క పడిపోయి ఉంటుంది, అప్పుడు జరిగే గొడవ బాట్ తీర్చలేదు.

బల్ల ఉన్న స్థలం, అంటే రీజియన్, రీస్టార్ట్ అయితే స్క్రిప్టు ఆగిన చోటి నుంచే లేస్తుంది, ఆటగాళ్ళు మాత్రం ఉండరు. ఛేంజ్‌డ్ ఈవెంట్‌లో ఛేంజ్‌డ్ రీజియన్ స్టార్ట్ కనిపిస్తే ఆ ఆట రద్దు అని ప్రకటించి ఖాళీ దశకి తీసుకురండి. యజమాని మారినా, బల్లని కొత్తగా దించినా మొత్తం రీసెట్. స్కోర్లు నిలవాలంటే వేరియబుళ్ళలో కాదు, ఎల్ఎల్‌లింక్‌సెట్‌డేటా‌రైట్‌తో రాయండి, రీసెట్ అయినా చెరగవు.

10. "బాట్ నీదే కదా, నీకే మంచి ముక్కలు" అనేవాళ్ళకి

ఈ మాట తప్పకుండా వస్తుంది, ముఖ్యంగా మీరే ఆడి గెలిస్తే. వాదించకండి, లెక్కతో చూపించండి.

1. కలిపాక 52 నంబర్ల వరసని కామాలతో ఒకే స్ట్రింగ్‌గా చేయండి.
2. దానికి ఎల్ఎల్‌ఎస్‌హెచ్‌ఏ256స్ట్రింగ్ తీసి, వచ్చిన 64 గుర్తులని (దీన్నే హ్యాష్ అంటారు, వరసలో ఒక్క అంకె మారినా ఇది మారిపోతుంది) పంచకముందే అందరికీ వినిపించేలా ప్రకటించండి.
3. ఆట అయ్యాక అసలు వరస ప్రకటించండి. మొత్తం 145 బైట్లే, ఒకే మెసేజ్‌లో పడుతుంది.
4. అనుమానం ఉన్నవాడు దాని హ్యాష్ తానే తీసి ముందు చెప్పినదానితో పోల్చుకుంటాడు.

పంచిన పద్నాలుగు ముక్కలకే హ్యాష్ తీయొద్దు, మొత్తం కట్టకి తీయండి. తన ఏడు తెలిసినవాడికి అవతలి ఏడు మిగిలిన 45లోంచే వస్తాయి, వాటి వరసలు ఇరవై రెండు వేల కోట్ల పైచిలుకు. మనకి అది పెద్ద సంఖ్య, మంచి గ్రాఫిక్స్ కార్డుకి కాదు, అన్నీ ప్రయత్నించి మీ చేయి చూసేస్తుంది. మొత్తం 52 అయితే ఆ పని ఎవరివల్లా కాదు.

దీంతో తేలేది ఒక్కటే, పంచడం మొదలైన తర్వాత మీరు ముక్కలు మార్చలేదని. ముందే పేర్చి పెట్టలేదని తేలదు. దానికి పంచేముందు ఆటగాళ్ళిద్దరినీ 0 నుంచి 51 లోపు చెరో సంఖ్య అడిగి, రెంటినీ కలిపి, 52 వచ్చినా, దాటినా 52 తీసేసి, వచ్చిన చోట కట్టని కోయండి. హ్యాష్ కోతకి ముందే ప్రకటించాలి, లేకపోతే కోతకి అర్థం లేదు. మీరే ఒక ఆటగాడైతే మీ సంఖ్య ముందు చెప్పేయండి, అవతలివాడు తర్వాత చెప్తాడు.

11. పరీక్ష

యాదృచ్ఛికంగా కలిపిన కట్టతో పరీక్షలు చేస్తే తప్పు ఒకసారి కనిపించి మళ్ళీ దొరకదు. స్క్రిప్టు పైన ఒక "పరీక్ష" గుర్తు పెట్టి, అది ఆన్‌లో ఉంటే కట్ట 0, 1, 2 అని వరసగా ఉండేలా చేయండి. ఎవరికి ఏం పడుతుందో మీకు ముందే తెలుసు కాబట్టి తేడా వస్తే వెంటనే కనిపిస్తుంది.

మూడు అకౌంట్లతో ఇవన్నీ కావాలని చేసి చూడండి:

- ఇద్దరూ ఒకే క్షణంలో నొక్కడం
- ఒకడే రెండు ముక్కలు టకటకా నొక్కడం
- ఇగ్నోర్ నొక్కి, బల్ల తాకి, మళ్ళీ ఎంచుకోవడం
- డైలాగ్ తెరిచే ఉంచి గడువు దాటాక నొక్కడం
- మూడో అకౌంటు బల్ల తాకడం, ఖాళీ అయిన కుర్చీలో దూరి కూర్చోవడం
- నెట్ పీకేసి నిమిషం తర్వాత రావడం, మూడు నిమిషాల తర్వాత రావడం
- ఆట మధ్యలో ఇద్దరూ లేచిపోవడం

ఖాళీ కుర్చీ పరీక్షలో చాలా బల్లలు పడిపోతాయి. ఆగి ఉన్న ఆటలో మూడోవాడు కూర్చుంటే వాడికి పాతవాడి ముక్కలు వెళ్ళిపోతాయి. యూయూఐడీ సరిపోకపోతే ఎల్ఎల్‌అన్‌సిట్‌తో మర్యాదగా లేపేయండి.

12. ఇట్లా అయితే అట్లా

బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు: డైలాగ్‌కి ఇచ్చిన ఛానెల్, లిజన్ ఛానెల్ ఒకటేనా చూడండి. రౌండుకి ఒకటి తగ్గించడం ఒకచోట రాసి ఇంకోచోట మర్చిపోవడమే దీనికి ఎక్కువగా కారణం.

స్టాక్ హీప్ కొలిజన్ అని వచ్చి స్క్రిప్టు చచ్చిపోయింది: మెమరీ అయిపోయింది. ఆట అవ్వగానే లిస్టులన్నీ ఖాళీ చేయండి, ఎల్ఎల్‌గెట్‌ఫ్రీమెమరీ ప్రతి ఆట చివర మీకొక్కరికే చెప్పేలా పెట్టి గమనించండి. ఆటాటకీ తగ్గుతూ పోతుంటే ఎక్కడో లిస్టు పెరుగుతోంది.

ఖాళీ పేరు బటన్ ఎర్రర్: బటన్ మీద ఏమీ లేకుండా పెట్టనివ్వదు. వరస నింపడానికి చిన్న గీత పెట్టి, అది నొక్కితే డైలాగ్ మళ్ళీ పంపండి.

మెసేజ్ సగంలో తెగిపోతోంది: చాట్ హద్దు 1024 బైట్లు. తెలుగు నియమాల పేజీ అందులో పట్టదు, నోట్‌కార్డుగా రాసి ఎల్ఎల్‌గివ్‌ఇన్వెంటరీతో ఇవ్వండి.

13. జనంలోకి వదిలే ముందు

బల్ల పంచిపెడుతుంటే స్క్రిప్టుకి మార్చే అనుమతి తీసేయండి, లేదా పూర్తిగా తెరిచి ఇవ్వండి. మధ్యలో ఆపితే ఎవడో కలిపే భాగం మార్చి మీ పేరు మీదే ఆడిస్తాడు. నేనైతే తెరిచి ఇవ్వమనే చెప్తా, హ్యాష్ ఉంది కాబట్టి దాచడానికి ఏమీ లేదు. పరీక్ష గుర్తు ఆఫ్ చేశారో లేదో ఒకటికి రెండుసార్లు చూడండి.

పోటీ పెట్టి టైము ప్రకటించేటప్పుడు సెకండ్ లైఫ్ గడియారం అమెరికా పడమటి తీరం టైములో ఉంటుందని మర్చిపోకండి. అక్కడ సాయంత్రం 7 అంటే మనకి మర్నాడు ఉదయం 7:30. నవంబరు మొదటి ఆదివారం వాళ్ళు గడియారం వెనక్కి తిప్పాక అదే 8:30 అవుతుంది, మార్చి రెండో ఆదివారం దాకా. ప్రకటనలో రెండు టైములూ రాసి, తేదీ కూడా రెండు వైపులదీ వేయండి. లేకపోతే చిత్తూరు నుంచి వచ్చినవాడు ఒక రోజు ముందే వచ్చి ఖాళీ కుర్చీలో కూర్చుని ఉంటాడు.